జూన్ మొదట్లో స్పెయిన్ తీరానికి వెళ్తే ఏ ఊరు? సిట్జెస్, నెర్హా, కాదిజ్, సాన్ సెబాస్టియన్, బెనిడోర్మ్‌ల పోలిక

స్పెయిన్‌కు తూర్పున, దక్షిణాన మధ్యధరా సముద్రం, నైరుతి మూలన అట్లాంటిక్ మహాసముద్రం, ఉత్తరాన బిస్కే అఖాతం ఉన్నాయి. ఒకే దేశం, ఒకే నెల అయినా ఈ మూడు తీరాల్లో నీటి వేడి, గాలి, వాన, తిండి, గది అద్దె ఏ ఒక్కటీ ఒకలా ఉండవు. మే చివరి వారం నుంచి జూన్ 20 లోపు, అంటే అక్కడి బడులకు వేసవి సెలవులు మొదలు కాకముందే, వారం పది రోజులు ఒక సముద్రపు ఊరిలో గడపాలనుకుంటూ ఏ ఊరో తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. జులై, ఆగస్టుల్లో వెళ్లేవారు బీచ్‌ను చూసి ఊరిని ఎంచుకోవచ్చు. వేసవి మొదట్లో వెళ్లేవారు మాత్రం నీళ్లలోకి దిగని రోజున కూడా పొద్దు హాయిగా గడిచే ఊరిని ఎంచుకోవాలి, ఎందుకంటే అలాంటి రోజులు తప్పకుండా వస్తాయి. ఎండ కాస్తున్నా నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి, కొన్నిచోట్ల గాలి ఇసుకను ఎగరగొడుతుంది, ఉత్తరాన వాన పడుతుంది.

ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు నీటి వేడి. వేసవిలో విశాఖ దగ్గర బంగాళాఖాతం నీరు 29, 30 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అందులో గంటల తరబడి ఆడుకున్న పిల్లలు జూన్ మొదటి వారంలో స్పెయిన్ సముద్రంలో కాలు పెట్టగానే వెనక్కి పరుగెత్తుకొస్తారు. ఆ రోజుల్లో బెనిడోర్మ్ దగ్గర నీరు సుమారు 20, 21 డిగ్రీలు, సిట్జెస్‌లో 19, 20, సాన్ సెబాస్టియన్‌లో 17, 18 డిగ్రీలు ఉంటుంది. నెర్హా బెనిడోర్మ్ కన్నా దక్షిణాన ఉన్నా అక్కడి నీరు దానికన్నా చల్లన, ఎందుకంటే జిబ్రాల్టర్ జలసంధి గుండా అట్లాంటిక్ నీరు ఆ మూలలోకి వచ్చి చేరుతుంది. నెలాఖరుకు అన్నిచోట్లా ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది గాని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి కాబట్టి ఇక్కడి నుంచి పిల్లలతో వెళ్లే కుటుంబాలకు ఆ వెసులుబాటు ఉండదు.

రెండోది ఆటుపోట్లు. మధ్యధరాలో నీటి మట్టం రోజంతా దాదాపు ఒకేచోట ఉంటుంది. కాదిజ్, సాన్ సెబాస్టియన్‌లలో మాత్రం పోటుకూ పాటుకూ మధ్య కొన్ని రోజుల్లో మూడు మీటర్లకు పైగా తేడా వస్తుంది. ఉదయం క్రికెట్ ఆడేంత వెడల్పుగా కనిపించిన ఇసుక మధ్యాహ్నానికి తువ్వాలు పరవడానికి కూడా మిగలకపోవచ్చు.

మూడోది నడక. స్పెయిన్ సముద్రపు ఊళ్లలో కొన్ని చదునుగా ఉంటాయి, కొన్ని కొండ అంచున ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే, హోటల్ నుంచి బీచ్‌కు ఎన్ని మీటర్ల దూరమో అడిగితే సరిపోదు, ఎన్ని మెట్లు దిగి ఎక్కాలో కూడా అడగాలి.

ఇంకొక విషయం మనవాళ్లు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి నేనే చెబుతున్నాను. స్పెయిన్ బీచ్‌లలో ఆడవాళ్లు పైవస్త్రం లేకుండా ఎండ కాచుకోవడం సర్వసాధారణం, ఎవరూ పట్టించుకోరు. అత్తమామలతోనో, ఎదిగిన పిల్లలతోనో వెళ్లేవారు ఈ సంగతి ముందే ఇంట్లో చెప్పి బయలుదేరితే అక్కడ ఇబ్బంది ఉండదు. సిట్జెస్ శివారులో పూర్తి నగ్నంగా ఉండే బీచ్‌లు కూడా ఉన్నాయి గాని అవి ఊరి మధ్యలో లేవు.

| ఊరు | జూన్ మొదట్లో నీటి వేడి | పగటి వేడి | కారు లేకుండా చేరే దారి | పెద్దలకు నడక | ఖర్చు |
|---|---|---|---|---|---|
| సిట్జెస్ | 19–20 | 24–26 | బార్సిలోనా నుంచి రైలు, సుమారు 40 నిమిషాలు | తీరం వెంట చదును | ఎక్కువ |
| నెర్హా | 18–20 | 25–27 | మాలగా నుంచి బస్సు, గంట నుంచి గంటన్నర | మెట్లు, వాలు | మధ్యస్థం |
| కాదిజ్ | 19–20 | 24–26 | సెవిల్లే నుంచి రైలు, సుమారు గంటా 40 నిమిషాలు | చదును | మధ్యస్థం |
| సాన్ సెబాస్టియన్ | 17–18 | 20–22 | బిల్బావో విమానాశ్రయం నుంచి బస్సు, సుమారు గంటంబావు | తీరం, పాత ఊరు చదును | చాలా ఎక్కువ |
| బెనిడోర్మ్ | 20–21 | 26–28 | అలికాంటే విమానాశ్రయం నుంచి బస్సు, ముప్పావు గంట | చదును | తక్కువ |

ఈ అంకెలు సగటులు. ఒక్కో ఏడాది ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ అవుతుంది.

సిట్జెస్: పెద్ద నగరం పక్కన చిన్న ఊరు

బార్సిలోనా చూడాలి, రాత్రికి మాత్రం సముద్రం పక్కన పడుకోవాలి అనుకునేవారికి సిట్జెస్‌ను మించింది లేదు. ఊరి మధ్యలో ఉన్న రైల్వే స్టేషన్ నుంచి నీళ్ల దాకా పది నిమిషాల నడక. తీరం వెంట రాళ్ల కట్టలు సముద్రంలోకి చొచ్చుకుపోయి బీచ్‌ను ముక్కలు ముక్కలుగా విడదీస్తాయి, అందువల్ల ఒక్కో ముక్కలో అలలు నెమ్మదిగా ఉంటాయి, చిన్నపిల్లలకు భయం తక్కువ. కొన మీద సముద్రానికి ఎదురుగా నిలబడిన సాంత్ బర్తొమెయు చర్చి, దాని వెనుక చిత్రకారుడు సాంతియాగో రుసిన్యోల్ నివసించిన కావ్ ఫెరాత్ మ్యూజియం, తెల్లని సున్నపు గోడల సందులు చూడటానికి ఒక పూట పడుతుంది. మబ్బు పట్టిన రోజున రైలెక్కితే బార్సిలోనా మొత్తం మీదే.

ఈ ఊరికి వేసవి మొదట్లోనే వచ్చే ప్రత్యేకత కోర్పుస్ క్రిస్తీ పండుగ. ఈస్టర్ తరువాత అరవై రోజులకు, అంటే మే చివర్లోనో జూన్‌లోనో వస్తుంది. ఆ వారాంతంలో పాత ఊరి వీధులను పూలరేకులతో పరిచిన తివాచీల్లా అలంకరిస్తారు, ఆ పూలలో ఎక్కువ భాగం కార్నేషన్లే. తేదీ ఏటా మారుతుంది కాబట్టి గది తీసుకునే ముందే చూసుకోవాలి.

లోటు కూడా ఆ పొరుగు నగరం నుంచే వస్తుంది. జూన్‌లో బార్సిలోనాలో పెద్ద సంగీతోత్సవాలు జరుగుతాయి, ఆ రోజుల్లో నగరంలో గదులు నిండిపోతే జనం సిట్జెస్‌కు మళ్లుతారు, అద్దె ఒక్కసారిగా పెరుగుతుంది. స్వలింగ సంపర్కులు దశాబ్దాలుగా ఎక్కువగా వచ్చే ఊరు ఇది, జూన్‌లో ప్రైడ్ వేడుక కూడా జరుగుతుంది. కొందరు ఆ సందడి కోసమే వెళ్తారు, నిశ్శబ్దం కోరుకునేవారు ఆ వారాన్ని తప్పించుకోవాలి. ఇంకో జాగ్రత్త: మే ఒకటో తేదీ పేరున్న వీధిని ఊరివాళ్లు పాపపు వీధి అని పిలుచుకుంటారు, బార్లన్నీ అక్కడే. ఆ వీధి మీదికి కిటికీ ఉన్న గది ఎంత చవకగా దొరికినా చిన్నపిల్లలున్నవారు వద్దనుకోవడమే మేలు.

నెర్హా: గుహ, కొండ, చిన్న చిన్న బీచ్‌లు

మాలగాకు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో కొండలు సముద్రం దాకా వచ్చి ఆగిన చోట ఉంది నెర్హా. రైలు లేదు, బస్సే దిక్కు. ఊరి నడిబొడ్డున సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన రాతి కొన మీద కట్టిన బాల్కన్ దె యూరోపా అనే చప్టా నుంచి రెండు వైపులా చిన్న చిన్న బీచ్‌లు కనిపిస్తాయి. అన్నిటిలోకీ పెద్దది బురియానా. అయితే అక్కడికి దిగే వాలు ఏటవాలుగా ఉంటుంది, మధ్యాహ్నం భోజనం చేసి మండుటెండలో తిరిగి ఎక్కడం పెద్దవాళ్లకు పరీక్షే. ఇసుక కూడా ముదురు రంగులో, కొంచెం గరుకుగా ఉంటుంది.

ఇక్కడ నీళ్లలోకి దిగని రోజు గురించి చింత అక్కర్లేదు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మారో పక్కన 1959లో కొందరు కుర్రాళ్లు కనుగొన్న నెర్హా గుహలు ఉన్నాయి. లోపల ఏడాది పొడవునా చల్లగానే ఉంటుంది, ఒక గదిలో పైకప్పు నుంచి నేల దాకా కలిసిపోయిన సున్నపురాతి స్తంభం ఎత్తు 30 మీటర్లు దాటుతుంది. మరో వైపు ఆరు కిలోమీటర్ల దూరంలో ఫ్రిహిలియానా అనే తెల్లని కొండపల్లె ఉంది. ఈ ప్రాంతంలో అరబ్బుల కాలం నుంచి చెరకు పండించారు, ఫ్రిహిలియానాలో ఇప్పటికీ చెరకురసం కాచి నల్లని పాకం తీసే కర్మాగారం ఒకటి నడుస్తోంది. పలుచగా తరిగి వేయించిన వంకాయ ముక్కల మీద ఆ పాకం పోసి తెచ్చిపెడతారు, అనకాపల్లి బెల్లం తిన్న నాలుకకు ఆ రుచి వెంటనే పట్టుబడుతుంది. శాకాహారులు మొహమాటం లేకుండా రెండో పళ్లెం అడగవచ్చు.

నెర్హాలో బ్రిటన్ నుంచి, ఉత్తర ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవారు చాలామంది. దీనివల్ల స్పానిష్ ఊరిలో ఉన్నామన్న భావన కొంత పలచబడినా, సాయంత్రం ఏడు గంటలకే భోజనం పెట్టే హోటళ్లు దొరుకుతాయి. మిగతా స్పెయిన్‌లో చాలాచోట్ల రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా వంటగది తెరవరు కాబట్టి చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఇది చిన్న లాభం కాదు. గ్రనడాలోని అల్‌హంబ్రా కోటకు ఇక్కడి నుంచి ఒక రోజులో వెళ్లి రావచ్చు, కాకపోతే ఆ కోట టికెట్లు రోజుకు ఇన్నని పరిమితి ఉంది. విమానం టికెట్ కొన్న రోజే వాటినీ కొనుక్కోవడం క్షేమం.

కాదిజ్: చేపలు తినేవారి ఊరు, గాలి ఒప్పుకుంటే

ఈ అయిదింటిలో నాకు బాగా నచ్చింది కాదిజ్, అందుకే దీని లోపాలను కూడా విడమరచి చెప్పాలి. ప్రాచీన కాలపు సముద్ర వర్తకులైన ఫినీషియన్లు స్థాపించిన ఈ రేవు పశ్చిమ ఐరోపాలోని అతి పురాతన నగరాలలో ఒకటి. పాత ఊరు మూడు వైపులా నీటి మధ్య ఉంటుంది, ఏ వీధి పట్టుకుని నడిచినా కాసేపటికి సముద్రమే ఎదురవుతుంది. వాలు లేదు, మెట్లు లేవు, రైల్వే స్టేషన్ పాత ఊరి గుమ్మంలోనే ఉంది. కారు అవసరమే రాదు. రెండు కోటల మధ్య వంపు తిరిగిన చిన్న బీచ్ లా కాలేతాలో సాయంత్రం ఊరి ముసలమ్మలు మడత కుర్చీలు వేసుకుని, చీట్ల పేక ఆడుకుంటూ కూర్చుంటారు, ఇది పర్యాటకుల కోసం తయారు చేసిన ఊరు కాదని అక్కడే అర్థమవుతుంది. విశాలమైన ఇసుక కావాలంటే కొత్త ఊరివైపు లా విక్తోరియా బీచ్ కొన్ని కిలోమీటర్ల పొడవున ఉంది.

ఒకప్పుడు అమెరికా ఖండం నుంచి సరుకుతో వచ్చే ఓడలను ముందే కనిపెట్టడానికి ఇక్కడి వర్తకులు ఇళ్ల మీద బురుజులు కట్టుకున్నారు, వాటిలో వందకు పైగా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. తావీరా బురుజు పైన చీకటి గదిలో, అద్దమూ కటకమూ కలిపిన ఏర్పాటుతో, ఊరి సజీవ దృశ్యం తెల్లని పళ్లెం లాంటి తెర మీద పడుతుంది. మేడల మీద ఆరవేసిన దుప్పట్లు గాలికి కదలడం కూడా అందులో కనిపిస్తుంది. పిల్లలు అక్కడి నుంచి ఒక పట్టాన రారు.

మే, జూన్‌లలో వెళ్లేవారికి కాదిజ్ ఇచ్చే అసలు బహుమతి ట్యూనా చేప. గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్ నుంచి మధ్యధరాలోకి వలస వెళ్లే నీలిరెక్క ట్యూనాలను కోనిల్, బార్బాతే, సహారా, తరీఫా ఊళ్ల దగ్గర అల్మద్రాబా అనే పాతకాలపు వలల చిక్కుదారిలో పడతారు. ఆ పద్ధతి వేల ఏళ్ల నాటిది, ఆ వేట కాలం వసంతం చివరితో ముగుస్తుంది. కాబట్టి ఆగస్టులో వచ్చినవారికి దొరకని తాజాదనం మీకు దొరుకుతుంది. బజారు వీధుల్లో శనగపిండితో చేసిన పలుచని రొయ్య అట్లు, కాగితపు పొట్లంలో కట్టి ఇచ్చే వేపుడు చేపలు చవక. ఆదివారం పడవలు వేటకు వెళ్లవు కాబట్టి సోమవారం పెద్ద మార్కెట్‌లో చేపల బల్లలు చాలావరకు ఖాళీగా ఉంటాయి, ఆ రోజు ఇంకేదైనా పని పెట్టుకోండి. శాకాహారులకు మాత్రం ఇక్కడ కష్టమే. పాలకూర, శనగల కూర, బంగాళాదుంప ఆమ్లెట్, చల్లని టమాటా సూప్ దాటి వైవిధ్యం దొరకదు, ఆ సూప్‌లలో చిక్కటి రకమైన సాల్‌మొరేఖో మీద కూడా అడగకుండానే పంది మాంసం తురుము, గుడ్డు చల్లుతారు.

ఇక గాలి. తూర్పు నుంచి వీచే లెవాంతే మొదలైతే ఒక రోజుతో వదలదు, రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సాగుతుంది. వేడిగా, పొడిగా ఉండే ఆ గాలికి ఎగిరే ఇసుక పిక్కలకు సూదుల్లా తగులుతుంది, గొడుగు నిలబడదు. పడమటి గాలి పోనియెంతే వీస్తే వాతావరణం చల్లబడుతుంది. మూడు రోజుల కోసమే వచ్చేవారు కాదిజ్‌ను పెట్టుకుంటే ఆ మూడు రోజులూ లెవాంతే పాలయ్యే ప్రమాదం ఉంది. వారం రోజులుంటే ఆ లెక్క సరిపోతుంది, గాలి రోజున రైలెక్కి హెరెజ్‌కో సెవిల్లేకో వెళ్లి రావచ్చు. అయితే సెవిల్లేలో జూన్‌లో 35 డిగ్రీలు దాటడం మామూలే.

సాన్ సెబాస్టియన్: బీచ్ అందం, వాన ఖాయం

బాస్క్ భాషలో దోనోస్తియా అని పిలిచే ఈ ఊరిలో లా కొంచా బీచ్ అర్ధచంద్రాకారంలో ఉంటుంది, ఆ వంపు ముఖద్వారంలో సాంతా క్లారా దీవి, రెండు కొసల్లో ఉర్గుల్, ఇగెల్దో కొండలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో రాణి మరియా క్రిస్తీనా ఇక్కడికి వేసవి విడిదికి రావడంతో ఈ ఊరి దశ తిరిగింది. అందంలో దీనికి సాటి వచ్చే ఊరు ఈ జాబితాలో లేదు. వానలోనూ లేదు. జూన్‌లో కూడా మూడు రోజులకు ఒక రోజు చినుకులు పడతాయని అనుకుని బయలుదేరాలి. ఈత కొట్టడానికే వచ్చేవారు జూన్ మొదట్లో దీన్ని ఎంచుకోవద్దని నా గట్టి సలహా.

తినడానికి, నడవడానికి, చూడటానికి వచ్చేవారికి మాత్రం వాన అడ్డు కాదు. పాత ఊరి బార్లలో బల్ల నిండా పేర్చిన పించోలను, అంటే రొట్టె ముక్క మీదనో పుల్లకు గుచ్చో ఇచ్చే చిన్న తినుబండారాలను, ఒక బారులో ఒకటి రెండు తిని పక్క బారుకు వెళ్తూ రాత్రి భోజనం ముగించడం ఇక్కడి ఆనవాయితీ. ఆలివ్, పచ్చిమిర్చి, ఆంచోవీ చేప కలిపి పుల్లకు గుచ్చిన గిల్దాతో మొదలుపెట్టండి. ఒందరేతా బీచ్ చివరన శిల్పి ఎదువార్దో చిలీదా 1977లో రాళ్లలో బిగించిన ఉక్కు శిల్పాలున్నాయి. వాటి ముందరి గచ్చులో రంధ్రాలు పెట్టారు. సముద్రం పొంగిన రోజున అల కింద కొట్టగానే ఆ రంధ్రాల్లోంచి గాలీ నీటి తుంపరా పైకి చిమ్ముతాయి. వాతావరణం బాగాలేని రోజే దాన్ని చూడవలసిన రోజు. ఇగెల్దో కొండ ఎక్కడానికి 1912 నుంచి నడుస్తున్న కేబుల్ రైలు ఉంది, పెద్దలు కూడా శ్రమ లేకుండా పైకి చేరవచ్చు.

గదుల ధర ఈ అయిదింటిలో ఇక్కడే ఎక్కువ. జులైలో జాజ్ ఉత్సవం, ఆగస్టులో వారం రోజుల ఊరి పండుగ మొదలయ్యాక ఇంకా పెరుగుతుంది కాబట్టి, ఈ ఊరు చూడాలని గట్టిగా ఉన్నవారికి జూన్ మొదటి సగమే కాస్త అందుబాటు.

బెనిడోర్మ్

ఎత్తైన కట్టడాల వరుసలు చూసి చాలామంది ముఖం చిట్లిస్తారు, రాత్రి గోల కూడా నిజమే. అయినా జూన్ మొదట్లో వీటిలో అన్నిటికన్నా వెచ్చని నీరు, మెత్తని ఇసుక, చదునైన దారి, మూడు పూటలా భోజనం కలిపి ఇచ్చే చవక హోటళ్లు ఒకేచోట దొరికేది ఇక్కడే. పిల్లలకు ఈతే ముఖ్యమైతే మిగతా నాలుగూ చదవనవసరం లేదు. లెవాంతే బీచ్ సందడి, పోనియెంతే బీచ్ దానికన్నా నిదానం, కాబట్టి గది పోనియెంతే వైపు తీసుకోండి.

ఎవరి పరిస్థితిని బట్టి వారికి

తల్లిదండ్రులను తీసుకువెళ్లేవారికి కాదిజ్, సిట్జెస్ రెండూ నప్పుతాయి. వారు శాకాహారులైతే సిట్జెస్ వైపే మొగ్గాలి, బార్సిలోనాలో భారతీయ భోజనశాలలు చాలా ఉన్నాయి. నెర్హా వాళ్లకు తగదు. అయిదేళ్ల లోపు పిల్లలున్నవారికి బెనిడోర్మ్, ఆ తరువాత సిట్జెస్. పదేళ్లు దాటిన, గుహలూ కొండలూ ఇష్టపడే పిల్లలున్నవారికి నెర్హా. ఇద్దరే వెళ్తున్నవారు డబ్బు గురించి ఎక్కువ ఆలోచించకపోతే సాన్ సెబాస్టియన్‌లో మూడు నాలుగు రోజులు, ఆలోచిస్తే కాదిజ్‌లో వారం.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు ఇంకొక లెక్క చూసుకోవాలి. అక్కడి బడులకు మే చివరి వారంలో సెలవు ఉంటుంది, ఆ వారం మాలగా, అలికాంటే విమానాల ధరలు బాగా పెరుగుతాయి. బడి ఈడు పిల్లలు లేనివారు ఒక్క వారం ఆగితే అదే ప్రయాణం తక్కువకు అయిపోతుంది. ఇక జూన్ 23 రాత్రి సాన్ హువాన్ పండుగకు తీరం అంతటా బీచ్‌లో మంటలు వేసి తెల్లవార్లూ మేలుకుంటారు. అలికాంటేలో ఆ పండుగ జూన్ 20 నుంచే మొదలవుతుంది. అది చూడాలనుకునేవారు ఆ తేదీలకు బెనిడోర్మ్‌లో గది ముందే పట్టుకోవాలి, వద్దనుకునేవారు 19లోపు తిరిగి రావాలి.

వీసా, తేదీలు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవారికి షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా, కావాలి. బ్రిటన్‌లోనో అమెరికాలోనో నివాస అనుమతి ఉన్నా తప్పదు, జర్మనీ వంటి షెంగెన్ దేశపు నివాస అనుమతి ఉన్నవారికి మాత్రం అక్కర్లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. మన వేసవి సెలవులకు ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి జూన్ ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిలలోనే కదలాలి. గదులు కూడా డబ్బు తిరిగి ఇచ్చే షరతు మీదే తీసుకోవాలి. షెంగెన్ దేశాలలో ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలన్నది నియమం. సాన్ సెబాస్టియన్ ఫ్రాన్స్ సరిహద్దుకు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి, గదుల ధరకు భయపడి కొన్ని రాత్రులు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో పెట్టుకునేవారు స్పెయిన్ రాత్రులే ఎక్కువగా ఉండేలా బుకింగులు సరిచూసుకున్నాకే ఫారం నింపాలి.